పౌడర్‌కు 5, సన్‌స్క్రీన్‌కు 18 శాతమా?

జీఎస్టీ కౌన్సిల్ అధ్యక్షురాలు శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి, కౌన్సిల్‌లో మన రాష్ట్రం తరఫున కూర్చునే భట్టి విక్రమార్క గారికి,



2025 సెప్టెంబరు 3న మీ 56వ సమావేశంలో టాల్కం పౌడర్, ఫేస్ పౌడర్, షాంపూ, తలనూనెల మీద పన్ను 18 శాతం నుంచి 5కు దించారు. మంచిదే. కానీ పన్నుల పట్టికలో అదే 3304 హెడింగు కింద ఫేస్ పౌడర్ పక్కనే ఉన్న సన్‌స్క్రీన్‌ను మాత్రం 18లోనే ఉంచేశారు. మొహానికి అద్దుకునే పౌడర్ అవసరమూ, ఎండకు కాలే ఒంటికి రాసుకునేది సోకూనా?

నాకు ఎండ పడదు. కాసేపు నిలబడితే చాలు, చేతుల మీద, మెడ వెనక దద్దుర్లు లేస్తాయి. రాత్రంతా మంట. సెంటు వాసన లేనిది, జింక్ ఆక్సైడ్ ఉన్నది, చర్మం పొడిబారనివ్వనిది ఒళ్లంతా రాసుకోమని చర్మ డాక్టరు చెప్పారు. మా మహమ్మద్‌నగర్‌లో అడిగితే మొహం తెల్లబడే క్రీము తీసి చూపిస్తారు. ఎల్లారెడ్డి పోతే మొహానికి రాసే చిన్న ట్యూబు దొరుకుతుంది. అది చెమటతో కలిసి కళ్లలోకి దిగితే కళ్లు తెరవలేం. ఒంటికి సరిపడేది కావాలంటే కామారెడ్డో, హైదరాబాదో పోవాలి.

పోయి తెచ్చుకున్నా ఎన్నాళ్లు వస్తుంది? పెద్దవాళ్ల ఒళ్లంతా ఒక్కసారి రాయడానికే దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. 500 రూపాయల ట్యూబు కొంటే అందులో 76 రూపాయలు మీ పన్నే. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఎండాకాలం మట్టిపనికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత షర్టు తొడుక్కొని, మొహానికి తువ్వాల చుట్టుకొని, కళ్లు మాత్రమే బయటపెట్టి పార పడతారు. చేతి గుండీ ఊడిన చోట మణికట్టు మీద చర్మం నల్లగా కమిలి, పొట్టు లేచి ఉంటుంది. వాళ్లలో బొల్లి ఉన్నవాళ్లు, లూపస్ జబ్బు ఉన్నవాళ్లు ఏం రాసుకోవాలి?

పౌడరూ షాంపూ అన్ని వర్గాలవాళ్లూ రోజూ వాడేవి కాబట్టి తగ్గించామని సర్కారు సంజాయిషీ ఇచ్చింది. ఈ ధరకు సన్‌స్క్రీన్ రోజూ ఎవరు వాడగలరు? కొనలేక మానేసినవాళ్లకు దాని అవసరమే లేదని ఎట్లా అనుకున్నారు? గొడుగుకూ 5 శాతం చేశారు. నాటు వేసేటప్పుడు గొడుగు ఏ చేత్తో పట్టుకోవాలి? ఆస్ట్రేలియాలో ఎస్‌పీఎఫ్ 15, ఆపైన ఉన్న సన్‌స్క్రీన్‌కు జీఎస్టీయే లేదు. మన చట్టంలో అది ఇప్పటికీ సౌందర్య సాధనమే.

2017లోనూ ఇంతే. కుంకుమకు, బొట్టుబిళ్లకు పన్ను లేదన్నారు, శానిటరీ ప్యాడ్లకు 12 శాతం వేశారు. ఏడాదిపాటు దేశమంతా అడిగితే 2018 జులైలో తీసేశారు. ఆడవాళ్లు అరిచి గోల చేస్తే తప్ప మా ఒంటి బాధ మీ దాకా రాదా? ఎన్నిసార్లు అరవాలి?

మళ్లీ కూర్చున్నప్పుడు ఈ సంగతి చూడండి. పన్ను తగ్గిస్తారో, డాక్టరు చీటీ ఉన్నవాళ్లకు సర్కారు దవాఖానలోనే ఇప్పిస్తారో మీరే తేల్చండి. ఏదో ఒకటి వచ్చే ఎండాకాలంలోపు చేయండి.

ఇట్లు,
మహమ్మద్‌నగర్ నుంచి ఒక ఆడబిడ్డ