సేవ ఎవరికి నిచ్చెన?

2026వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించింది. సరిగ్గా పాతికేళ్ల కిందట, 2001ని కూడా ఇలాగే ప్రకటించారు. ఇలాంటి సందర్భాల్లో సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు, 'నిస్వార్థ సేవ' అనే మాట పదిసార్లు వినపడుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. సరే, సేవ చేశారు. ఆ తర్వాత వాళ్లేమయ్యారు?

ఒకావిడ ఏమయ్యారో నాకు తెలుసు. ఆమె పేరు కెరోల్ బెలామీ. 1942లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. 1963లో డిగ్రీ పూర్తికాగానే పీస్ కోర్‌లో వాలంటీరుగా చేరి గ్వాటెమాలా వెళ్లారు. పీస్ కోర్ అంటే 1961లో కెన్నెడీ ప్రారంభించిన సంస్థ. అమెరికన్లను రెండేళ్లపాటు బీద దేశాలకు పంపి, అక్కడివాళ్లతో కలిసి పనిచేయించడం దాని పద్ధతి. మన దేశంలో కూడా 1976 వరకు వీళ్ల వాలంటీర్లు పనిచేశారు.

1965లో తిరిగొచ్చాక ఆమె లా చదివారు. న్యూయార్క్ రాష్ట్ర సెనేటరయ్యారు. 1978 నుంచి 1985 దాకా న్యూయార్క్ నగర కౌన్సిల్‌కి అధ్యక్షురాలు. ఆ నగరమంతా ఓట్లేసి గెలిపించిన పదవిలో కూర్చున్న తొలి మహిళ ఆమే. అన్నీ విజయాలేం కావు. 1985లో మేయరు పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1990లో మరో ఎన్నికలోనూ ఓటమే. తర్వాత కొంతకాలం ఆర్థిక సంస్థలో పనిచేశారు. 1993లో ప్రెసిడెంట్ క్లింటన్ ఆమెని పీస్ కోర్ డైరెక్టర్‌గా నియమించారు. 1995లో యునిసెఫ్ అధినేత్రి అయ్యారు. పదేళ్లపాటు ప్రపంచంలోని పిల్లల బాగోగులు చూసే కుర్చీ అది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఒకప్పుడు వాలంటీరుగా పనిచేసిన మనిషి పీస్ కోర్‌కి డైరెక్టర్ కావడం అదే మొదటిసారి. సంస్థ పుట్టిన ముప్ఫై రెండేళ్లకిగానీ అది జరగలేదు. అంతకుముందు వచ్చినవాళ్లలో సమర్థులు లేరని కాదు. 1977లో డైరెక్టరైన తొలి మహిళ, తొలి నల్లజాతి వ్యక్తి కెరొలిన్ పేటన్ అంతకుముందు అదే సంస్థలో అధికారిగా పనిచేసినావిడే. కానీ పరాయి ఊళ్లో వాలంటీరుగా రెండేళ్లు బతికిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం వేరు.

'ఆవిడ తెలివైంది కాబట్టి ఎదిగింది' అంటారేమో. నిజమే. కానీ తెలివి ఒక్కటే చాలదు, కాలు పెట్టడానికి మెట్టు కూడా ఉండాలి కదా! బెలామీ గ్వాటెమాలా వెళ్లిన 1963లోనే కెన్నెడీ ఒక ఉత్తర్వు ఇచ్చారు. సేవ పూర్తిచేసి వచ్చిన వాలంటీర్లను, మామూలు పోటీతో పనిలేకుండా కేంద్ర ప్రభుత్వోద్యోగాల్లోకి తీసుకోవడానికి కొంతకాలం వెసులుబాటు కల్పించారు. సేవలో ఉన్నంతకాలం బతకడానికి భత్యం ఇస్తారు, వైద్యం చేయిస్తారు. తిరిగొచ్చేటప్పుడు కొంత సొమ్ము చేతిలో పెడతారు. తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరితే ఆ రెండేళ్లనీ పెన్షన్ లెక్కలో కలిపించుకునే వీలుంది. అంటే జీతం లేకపోయినా, ఆ పనిని 'పని'గానే లెక్కగట్టారన్నమాట. అలాగని అమెరికాలో అందరికీ రెండేళ్లు సంపాదన లేకుండా ఉండే స్థోమత ఉందని కాదు. వెళ్లినవాళ్లకి మాత్రం ఆ కాలం వృథా పోలేదు.

ఇక మన దగ్గరకొద్దాం. పల్లెల్లో గర్భిణుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆశా కార్యకర్తలు 2005లో వచ్చారు. ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు వాలంటీర్లే. వాళ్లకిచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో ఇచ్చేదానికి పేరు గౌరవ వేతనం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు అవార్డిచ్చి సత్కరించింది. అదే ఆశాలు 2025లో కేరళ సచివాలయం ముందు నెలల తరబడి కూర్చోవలసి వచ్చింది, గౌరవ వేతనం పెంచమని. మన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సమ్మె చేశారు. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది!

అంగన్‌వాడీ వాళ్లకి సూపర్‌వైజరు పోస్టుల్లో కొంత వాటా ఉంది. కాదనను. అది ఒక మెట్టు. ఆ పైన ఏముంది? ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ బరువు తగ్గిందో, ఏ కోడలు మందులు మింగకుండా పారేస్తోందో ఆమెకు తెలిసినంతగా జిల్లా ఆఫీసులో ఎవరికి తెలుసు? అయినా పథకాలు తయారుచేసే బల్ల దగ్గర ఆమెకు కుర్చీ లేదు. ముప్ఫై ఏళ్లు చేసినా ఆ అనుభవం ఆమె పేరు పక్కన రాయడానికి ఒక డిగ్రీ అంత విలువ చేయదు.

మన ఇళ్లల్లోనూ ఇదే తీరు. అత్తగారి మంచం పక్కన పదేళ్లు గడిపిన కోడలు ఉద్యోగానికి వెళితే, 'ఇన్నాళ్లూ ఏం చేశారు?' అని అడుగుతారు. 'ఖాళీగా ఉన్నాను' అని ఆమే జవాబు చెబుతుంది. నేనూ ఒకసారి అలాగే చెప్పి, ఇంటికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను.

సేవకి కూలి కట్టమనడం కొందరికి తప్పుగా తోస్తుంది. సేవ పవిత్రమైనదే, కానీ ఆ పవిత్రత పేరు చెప్పి ఆడవాళ్ల పనిని లెక్కల్లోంచి తీసేయకూడదు. వాలంటీర్ల సంవత్సరం పేరుతో శాలువాలు కప్పేవాళ్లని నేనడిగేది ఇదే. శాలువా వద్దు. ఆశా, అంగన్‌వాడీ అనుభవాన్ని నర్సింగ్ చదువుకీ, ఆరోగ్యశాఖ ఉద్యోగాలకీ, పథకాల కమిటీలకీ అర్హతగా రాయించండి. అప్పుడు మన పల్లెలోంచి కూడా ఒక బెలామీ వస్తుందో రాదో చూద్దాం.