వంటింటి చదువు కాదు

హైదరాబాద్ సైఫాబాద్‌లోని హోం సైన్స్ కళాశాల పేరు చెబితే చాలామందికి వంటలు, కుట్లు, అల్లికలే గుర్తొస్తాయి. అక్కడి మానవాభివృద్ధి, కుటుంబ అధ్యయనాల విభాగంలో నేర్పేది వేరు. గర్భస్థ దశ నుంచి వృద్ధాప్యం దాకా మనిషి ఎదుగుదల, మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలను ముందే గుర్తించడం, కుటుంబాలకు కౌన్సెలింగ్... అన్నీ పాఠాలే.

దేశవ్యాప్తంగా వ్యవసాయ వర్సిటీలు ఈ డిగ్రీ పేరును కమ్యూనిటీ సైన్స్‌గా మార్చాయి. పేరు మారినంత సులువుగా కొలువుల తీరు మారలేదు. సమీకృత శిశు అభివృద్ధి పథకం మొదలైంది 1975 అక్టోబర్ 2న. మూడు నుంచి ఆరేళ్ల వయసును చదువుకు పునాదిగా 2020 జాతీయ విద్యా విధానం గుర్తించింది. అయినా అంగన్‌వాడీ టీచరుకు కావలసిన ప్రధాన అర్హత స్థానికత. శిశు వికాసంలో డిగ్రీ అక్కర్లేదు. కొద్ది వారాల శిక్షణతో ఆమె పోషకాహారం, టీకాలు, రిజిస్టర్లు, పాఠాలు అన్నీ చూసుకోవాలి. దక్కేది జీతం కాదు, గౌరవ వేతనం.

ఇక పట్టభద్రులకు సర్కారులో మిగిలేవి సూపర్‌వైజర్, సీడీపీవో వంటి పోస్టులు. ఉన్నవే తక్కువ. మిగతావారు ప్రైవేటు ప్రీస్కూళ్ల బాట పడతారు. పసిపిల్లల గురించి బాగా చదివినవారు పేదపిల్లలకే అందకుండా పోతున్నారు.