ఈత క్లబ్బులు – బాలల శ్రమ

తెల్లవారకముందే నిద్రలేచి, పుస్తకముల సంచితోపాటు తడిబట్టల సంచిని గూడ మోసికొని ఈతకొలనునకు బోవు బాలబాలికలు నేడు మన నగరములలో కానవచ్చుచున్నారు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు మన దేశమునుండి వెళ్లిన ఈతగాండ్రిద్దరిలో ఒకరు 14 ఏండ్ల బాలిక. ఇట్టి వార్తలు విన్న తలిదండ్రులకు తమ బిడ్డయు అంతటి కీర్తి గడింపవలెనను కోరిక కలుగుట సహజమే. ఆ కోరికతో క్లబ్బు గడప త్రొక్కినవారికి, ఒక్కపూట శిక్షణకు ఒక ఫీజు, రెండుపూటల శిక్షణకు అంతకు మించిన ఫీజు చెప్పబడుచున్నవి. ఎక్కువ ఫీజు చెల్లించి, బిడ్డచే ఎక్కువ శ్రమ చేయించినచో ఎక్కువ ఫలము కలుగునా? ఈ ప్రశ్నను ప్రతి గృహస్థుడును నెమ్మదిగా విచారింపవలసియున్నది.

ఫీజు వసూలు చేయుటనే మేము తప్పుపట్టుట లేదు. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల కొలనులో 25 లక్షల లీటర్ల నీరు పట్టును. ఆ నీటిని నిత్యము వడపోయవలెను; క్లోరిన్ కలుపవలెను; కరెంటు ఖర్చు భరింపవలెను; శిక్షకునకును, మునుగువారిని కాపాడు కావలివానికిని జీతములీయవలెను. ఇవి ఉచితముగ జరుగు పనులు కావు. పోటీలకై పొరుగూళ్లకు బోవు ప్రయాణవ్యయము, బస, పౌష్టికాహారము, వెంటనుండు తల్లియొక్కయో తండ్రియొక్కయో కాలము – వీనిని గూడ లెక్కించినచో అసలు వ్యయము ఫీజుకంటె చాల హెచ్చగును. ఇంత ధనము వెచ్చించువారు దానికి బదులుగా ఏమి లభించుచున్నదో అడుగుట లోభత్వము కాదు, వివేకము.

గంటలనమ్ముట వేరు, విద్య గరపుట వేరు. 1991లో అమెరికాలో డేవిడ్ కాస్టిల్ మున్నగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. కళాశాల ఈతగాండ్రను రెండు జట్లుగ విభజించి, ఒక జట్టుచే దినమునకొక్కపూట గంటన్నర ఈదించిరి. రెండవ జట్టుచే ఆరు వారములపాటు పూటకు గంటన్నర చొప్పున రెండుపూటల ఈదించిరి. రెండుపూటల వారు ఒక్కపూట వారికంటె అధికవృద్ధి పొందలేదు. పైగా కొద్దిదూరపు ఈతలో వారి వేగము తగ్గెను. పూర్వపు సోవియట్ దేశపు ఈతగాండ్రనుగూర్చి 1992లో వెలువడిన పరిశీలనలో, మిక్కిలి చిన్ననాటనే ఈ ఒక్క క్రీడకే అంకితమైనవారు తరువాత ఆరంభించినవారికంటె ముందుగానే విరమించినట్లు తేలినది. కాలువనీరు రెండింతలు పెట్టినంతమాత్రమున మడి రెండింతలు పండదని మన రైతులకెవరును చెప్పనక్కరలేదు.

దీనికి ప్రతిగా మైకేల్ ఫెల్ప్స్ పేరు చెప్పుట పరిపాటి. ఆయన పిన్నవయస్సున ఏండ్ల తరబడి ఆదివారములు సైతము మానక సాధన చేసి, తుదకు 23 ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచినమాట నిజమే. కాని తాను తీవ్రమైన మనోవ్యథకు లోనైన సంగతినికూడ ఆయనయే లోకమునకు వెల్లడించెను. 2012లో లండనులో 17 ఏండ్లకే నాలుగు స్వర్ణములు గెలిచిన మిస్సీ ఫ్రాంక్లిన్, చిన్ననాటి శిక్షకుని, స్వస్థలమగు కొలరాడోను విడువకయే ఆ ఘనత సాధించెను. అట్టి యామెయు భుజములనొప్పిచే 2018లో, 23 ఏండ్ల వయస్సుననే, పోటీలనుండి విరమింపవలసివచ్చెను. దూరపు ఈతలకు దీర్ఘసాధన అవసరమని మేమును అంగీకరింతుము. అది శరీరము పక్వమైన పిదప చేయదగినది. పదేండ్ల బాలునిపై మోపదగినది కాదు.

భుజముల సంగతి చిన్నది కాదు. 25 మీటర్ల కొలనులో దినమునకు 5 కిలోమీటర్లీదు బాలుడు 200 మారులు ఆ కొస నుండి ఈ కొసకు ఈదవలెను. ఒక్కొక్క మారునకు 16 బారలు వేసినను, ఒక్కొక్క భుజము దినమునకు 1600 మారులు తిరుగును. అందువలననే అమెరికా శిశువైద్యుల సంఘము 2016లో, బాలక్రీడాకారులకు వారమునకు ఒకటి రెండు దినముల సెలవును, తాము సాధన చేయు క్రీడనుండి సంవత్సరమున మొత్తముమీద మూడు మాసముల విరామమును ఉండవలెనని సలహానిచ్చెను.

కావున తలిదండ్రులు క్లబ్బులో చేర్పించుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనవలెను. ఒక్కొక్క వరుసలో ఎందరు బాలలు ఈదుదురు? శిక్షకుడు ఒక్కొక్కని చేతికదలికను, ఊపిరిని గమనించి దిద్దునా, లేక గట్టుపై నిలిచి దూరములను మాత్రము కేకవేయునా? నొప్పియనిన బాలునకు విశ్రాంతి యిత్తురా? అయిదేండ్ల క్రిందట చేరినవారిలో నేటికిని ఈదుచున్నవారెందరు? ఈ కడపటి ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరము గోడపై వ్రేలాడు పతకములకంటె ఎక్కువ సత్యము చెప్పును. పండ్రెండేండ్లలోపు వారికి ఒక్కపూట మంచి శిక్షణ చాలునని మా యభిప్రాయము. రెండవ పూట ఫీజుతో బిడ్డకు పాలు, నిద్ర, ఆటలు సమకూర్చుట మేలు. క్లబ్బులును వయస్సునుబట్టి సాధన పరిమితిని, మొత్తము వ్యయమును వ్రాతమూలకముగ ముందే ప్రకటింపవలెను.

పురపాలక సంఘముల బాధ్యత ఇంకను గొప్పది. మన దేశమున ఏటేట ముప్పదివేలకు పైబడి జనులు నీటమునిగి మరణించుచున్నారు. కృష్ణా గోదావరుల కాలువగట్లపై పుట్టిపెరిగిన బిడ్డలలోనే ఈత రానివారున్నారు. కొందరు బిడ్డలు శక్తికి మించి ఈదుటయు, అనేకులు ఈదనేరకుండుటయు ఒక్కచోటనే సాగుట శోచనీయము. కొద్ది ఫీజుతో అందరికి ఈత నేర్పు కొలనులు ఊరూర ఏర్పడినచో, ప్రాణరక్షణయు కలుగును, ప్రతిభగలవారును అందుండియే పైకి వత్తురు. బిడ్డ నీటిని ప్రేమించుట మొదటి పని. గడియారముతో పోటీపడుట దాని తరువాతి పని. ఈ క్రమము తలక్రిందులైనచో ధనము పోవును, ఈతయు పోవును.