రోడ్డు వారన ఉచితం, పదో అంతస్తుకు పైసలు

హైదరాబాద్ నాంపల్లి మెట్రో స్టేషన్ పక్కన జర్మన్ పరిజ్ఞానంతో లేచిన పదిహేను అంతస్తుల పార్కింగ్ భవనం చూడముచ్చటగానే ఉంది. కారును కింద వదిలి తాళం వేసుకుని పోతే యంత్రమే పైకెత్తి ఖాళీ గడిలో పెడుతుంది. పది అంతస్తులు బండ్లకు, అయిదు వ్యాపారానికి. ఇలాంటివే ఆబిడ్స్‌లో ఒకటి, కోఠిలో ఒకటి కట్టేస్తే పార్కింగ్ పీడ వదులుతుందనుకోవడం తేలిక. నా చూపు మాత్రం భవనం మీద కన్నా దాని ముందున్న రోడ్డు మీదే ఉంది. రోడ్డు వారన ఊరికే పెట్టుకోనిచ్చినన్నాళ్లూ, పైసలిచ్చి పదో అంతస్తుకు కారెక్కించేదెవరు?

లెక్క వేద్దాం. ర్యాంపులున్న మామూలు పార్కింగ్ భవనంలో దారులతో కలిపి ఒక్క కారుకు దాదాపు 300 చదరపు అడుగులు కావాలి. నేల ధర వదిలేసి, ఒక్కో చోటుకు కట్టుబడి 10 లక్షలనుకుందాం. తొమ్మిది శాతం చొప్పున వడ్డీయే ఏడాదికి 90 వేలు. ఏడాదిలో మూడు వందల రోజులు గిరాకీ ఉందనుకున్నా, రోజుకు 300 రూపాయలు రావాలి. గంటకు 30 చొప్పున పది గంటలపాటు ఆ చోటు ఖాళీ లేకుండా ఉండాలన్నమాట. అదీ వడ్డీకే. అసలు, కరెంటు, మరమ్మతులు, కాపలావాళ్ల జీతాలు ఇంకా పద్దులోకే రాలేదు.

అందుకే కట్టేవాడు దుకాణాల అంతస్తులు అడుగుతాడు. అడగడంలో తప్పు లేదు, అవి లేకపోతే ఆ పెట్టుబడికి ఎవరూ ముందుకు రారు. కానీ ఆ అంతస్తులకు వచ్చే జనం కూడా బండ్ల మీదే వస్తారు. వాళ్లు పోగా ఊరికి మిగిలే చోట్లెన్నో ఒప్పందంలోనే రాసుకోకపోతే, మనం సర్కారు స్థలంలో ఇంకో మాల్ కట్టించుకున్నట్టే.

అసలు ఊళ్లో పార్కింగ్ లేదనే మాట సగమే నిజం. ప్లాన్ కాగితంలో ఉంది, దాని పేరు సెల్లార్. అనుమతి వచ్చాక అది గోదాము అవుతుంది, జిరాక్స్ సెంటర్ అవుతుంది, షోరూం అవుతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఓ లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, ఆ పొగకు పైన బస చేసినవాళ్లు ఎనిమిది మంది పోయారు. ఉన్న సెల్లార్లను ఖాళీ చేయించడానికి జర్మన్ యంత్రాలు అక్కర్లేదు. తనిఖీ చేయాల్సిన అధికారులకు జీతాలు ఎలాగూ ఇస్తున్నాం.

ఇక రోడ్డు వార సంగతి. పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఆ మాట కాగితం దాటలేదు. తోపుడు బండి మీద జామకాయలమ్మేవాళ్లు ఏళ్ల తరబడి తైబజారు రుసుము కట్టారు, అయినా లాఠీ దెబ్బలు తిన్నారు. ఆ పక్కనే అంతకన్నా రెండింతల చోటు ఆక్రమించిన కారు మాత్రం పైసా కట్టకుండా పొద్దంతా నిలబడింది.

రుసుమంటే దుకాణదారులు భగ్గుమంటారు. కాలిఫోర్నియాలోని పాసడేనాలోనూ అంతే. అక్కడి పాత బజారులో మీటర్లు పెడతామంటే వ్యాపారులు అడ్డం తిరిగారు. వచ్చిన డబ్బంతా ఈ వీధులకే ఖర్చు పెడతామని నగరం మాటిచ్చాక దిగొచ్చారు. 1993లో మీటర్లొచ్చాయి. ఆ ఆదాయంతో ఫుట్‌పాత్‌లు, దీపాలు, చెట్లు వచ్చి పాడుబడ్డ బజారుకు మళ్లీ జనం వచ్చారు. డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ ప్రపంచమంతటికీ చాటింది ఈ కథనే.

షికాగో కథ వేరు. 2008లో ఆ నగరం బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి దాదాపు 36 వేల మీటర్లను 75 ఏళ్లకు ప్రైవేటు కంపెనీకి రాసిచ్చి, సుమారు 115 కోట్ల డాలర్లు తీసుకుంది. కనీసం మరో 97 కోట్లు రావాల్సిందని నగర ఇన్‌స్పెక్టర్ జనరలే ఆ మరుసటి ఏడాది తేల్చారు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కొన్నేళ్లలోనే హరించుకుపోయింది. ఇప్పుడు ఏదైనా పనికి వీధి మూసినా, ఆ కంపెనీకి నగరమే నష్టపరిహారం కట్టాలి. వేలం వేసి గుత్తకిచ్చి చేతులు దులుపుకునే మన మున్సిపాలిటీలు గుర్తుంచుకోవాల్సింది ఇదే. మీటరు కార్పొరేషన్ చేతిలోనే ఉండాలి, డబ్బు ఆ బజారు పేరున వేరే ఖాతాలో పడాలి. ఏ నెల ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో కూడలిలో బోర్డు మీద రాయాలి. కోఠిలో అయితే మొదటి పద్దు ఆడవాళ్ల మరుగుదొడ్లకు. చీరలు కొనడానికి జిల్లాల నుంచి వచ్చే వాళ్లనడగండి, చెబుతారు.

గిరాకీ పోతుందని వ్యాపారుల భయం. ఒక్కసారి ఉదయం దుకాణాలు తెరిచే వేళకు వెళ్లి చూడండి. అప్పటికే షట్టర్ల ముందు నిండిపోయినవి కొనేవాళ్ల బండ్లు కావు, యజమానులవీ, గుమాస్తాలవీ. రాత్రి దాకా కదలవు. ఆబిడ్స్ వాళ్లకు ముందుగా నాంపల్లి భవనంలో చవగ్గా నెలవారీ పాసులిస్తే, గంటకో కొత్త గిరాకీకి ఆ చోటు దొరుకుతుంది.