పొలమున వెలయు యంత్రశాల: మా యభిప్రాయము

మా నెక్కొండ కాజీపేట, విజయవాడల నడుమ రైలుమార్గముపై నున్న చిన్న స్టేషను. ఇచ్చటి విద్యార్థులలో పెక్కండ్రు వరి, ప్రత్తి, మిరప పండించు ఇండ్ల బిడ్డలు. అట్టి బడి సంచికలో ఎక్కడనో విశాఖపట్టణము చెంతనున్న తర్లువాడ గ్రామమును గూర్చి వ్రాయుట యేల యని కొందఱు చదువరులకు సందేహము కలుగవచ్చును. నేడొక యూరి పొలము నడిగిన పద్ధతియే రేపు మఱియొక యూరి పొలము నడుగుటకు మార్గమగును. మన తెలంగాణమునందును రంగారెడ్డి జిల్లా మేకగూడ, చందనవెల్లి గ్రామములకు ఇట్టి శాలలు ఇదివఱకే చేరినవి. కావున ఈ విషయమున మాకు తోచినది చెప్పుట కర్తవ్యమని తలంచితిమి.

2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున గొప్ప డేటా సెంటరును నెలకొల్పుదుమని ఢిల్లీ నగరమున ప్రకటించిరి. అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమనిరి. అది వాడుకొను విద్యుచ్ఛక్తి పరిమాణము ఒక గిగావాట్, అనగా 1,000 మెగావాట్లు. దానికై ఆనందపురము మండలమందలి తర్లువాడ, అడవివరము, అనకాపల్లి జిల్లా రాంబిల్లి ప్రాంతములందు స్థలములు ఎంచబడినవి. తర్లువాడలో జీడి, మామిడి తోటలు పెంచుకొని బ్రదుకు రైతులు దీనికి అడ్డు చెప్పిరి. కొందఱు భూమి నియ్యనే యియ్యమనిరి. మఱికొందఱు తగిన వెలయు, ఇంటికొక యుద్యోగమును కోరిరి.

డేటా సెంటరన నేమి? మనము చేతిఫోనులో చూచు బొమ్మ, కొను రైలు టిక్కెట్టు, వెదకు పరీక్షాఫలితము, ఇవి యన్నియు ఎక్కడనో యొకచోట యంత్రములలో నిలువయుండును. అట్టి యంత్రములు వేలకొలది బీరువాలలో వరుసగా నిలిచి, రేయింబవళ్లు విరామము లేక పనిచేయు భవనమే డేటా సెంటరు. వానికి పోయు విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మాఱును. ఆ వేడిని తొలగింపనిచో యంత్రములు నిలిచిపోవును. నీటిని ఆవిరి చేసి చల్లార్చుట యొక పద్ధతి. గాలితో చల్లార్చుట మఱియొకటి. మొదటిది నీటిని మ్రింగును. రెండవది విద్యుత్తును మఱింత కోరును. ఏ దారిని పోయినను ఖర్చు తప్పదు.

లెక్కలు నేర్చిన పిల్లలు తామే గుణించి చూడవచ్చును. ఒక గిగావాట్ అనగా 10 లక్షల కిలోవాట్లు. ఏడాది పొడుగున పూర్తిగా వాడినచో 876 కోట్ల యూనిట్లగును. నెలకు 100 యూనిట్లు చాలు ఇండ్లు 73 లక్షలకు అది సరిపడును. ఐర్లండు దేశమున 2023లో కొలత గల విద్యుత్తులో నూటికి 21 వంతులు డేటా సెంటర్లకే పోయెను. పట్టణములందలి ఇండ్లన్నియు కలిసి వాడినది 18 వంతులే.

నీటి మాట ఇంకను చింతింపదగినది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రమున ది డాలస్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి గూగుల్ శాలలు ఎంత నీరు వాడుచున్నవో చెప్పుమని యొక పత్రిక అడుగగా, అది వ్యాపార రహస్యమని పట్టణమువారు న్యాయస్థానమున కెక్కిరి. పదమూడు నెలల వ్యాజ్యము పిమ్మట 2022లో లెక్క బయటపడెను. 2021లో ఆ పట్టణపు నీటిలో నాలుగవ వంతుకు మించి ఆ శాలలే త్రాగినవి! తమ యూరి నీటి లెక్క తెలిసికొనుటకు ఊరివారు ఏడాదికి పైగా వేచియుండవలసెను. విశాఖ ప్రాంతమున రైవాడ జలాశయపు నీరు పొలములకా, నగరమునకా యను వివాదము ఏండ్ల తరబడి నడచినది. అట్టిచోట క్రొత్త దప్పిక యొకటి వచ్చి చేరినచో మొదట ఎండునది ఎవరి గొంతు?

మా జిల్లాలో పాకాల చెఱువున్నది. కాకతీయ గణపతిదేవుని కాలమున కట్టినది. ఆ కాలమువారు ముందు నీటిని నిలిపిరి, పిదప దాని క్రింద పొలమును పెంచిరి. నేడు త్రాగువానిని ముందు పిలిచి, నీరెచ్చటిదని పిమ్మట యోచించుట మాకు వివేకముగా తోచుట లేదు.

ఇందుకు ప్రతిగా చెప్పు మాటలను మేము విననివారము కాము. ఉద్యోగములు వచ్చునందురు, ప్రభుత్వమునకు ఆదాయము పెరుగునందురు, ఫోనులు వాడు మీరే వానికి మూలమైన శాలను వలదనుట న్యాయమా యందురు. మొదటిదానికి మా యుత్తరమిది: భవనము కట్టునపుడు వేలమందికి పని దొరకును, కట్టిన పిదప యంత్రములను కాచుటకు కొద్దిమంది చాలుదురు. వారును పెద్దచదువులు చదివినవారు. పొలమున కలుపు తీసి బ్రదుకు కూలిమనిషికి ఆ ద్వారము తెఱవబడదు. ఫోనుల మాటకు: మేము యంత్రమును ద్వేషించుట లేదు, రైతు పొలమును దానికి పీటగా వేయుటనే వలదనుచున్నాము. సాగుకు రాని బంజరులు, ఇదివఱకే సేకరించి వాడక విడిచిన పారిశ్రామిక స్థలములు కలవు. అవి తీఱిన పిమ్మట తోటల మాట తలపవచ్చును.

2013 నాటి భూసేకరణ చట్టము ప్రైవేటు సంస్థలకై భూమి తీసికొనునపుడు నూటికి 80 మంది సమ్మతి యుండవలెననియు, ప్రజలపై పడు ప్రభావమును ముందుగా విచారింపవలెననియు విధించెను. భూమిలేని కూలీలను, కౌలుదారులను సైతము నష్టపోవువారిలో చేర్చెను. తరువాత రాష్ట్రములు తెచ్చిన సవరణలు కొన్ని పనులకు ఆ విచారణను తప్పించినవి. ఇంక పేదలకు ప్రభుత్వ మిచ్చిన డి-పట్టా భూములన్నచో, ఇచ్చినవారమే తీసికొందుమను ధోరణి కలదు. కాని చేవెళ్ల ప్రాంతపు వ్యాజ్యమున 2004లో హైకోర్టు అట్టి రైతులకును పట్టాదారులతో సమానముగా పరిహార మియ్యవలెనని తీర్పు చెప్పెను. ఇది ప్రతి పల్లెయు ఎఱిగియుండదగినది.

కావున తర్లువాడ రైతుల యడ్డు అభివృద్ధికి అడ్డు కాదనియు, ఇప్పటి రూపమున ఈ శాల ఆ పొలములలో తగదనియు మా నిశ్చితాభిప్రాయము. నీరెంత, విద్యుత్తెంత, అవి ఎచ్చటినుండి వచ్చును, ఊరివారికి స్థిరమైన పనులెన్ని యను లెక్కలను తెలుగులో వ్రాసి గ్రామసభ యెదుట చదువక ముందు సెంటు భూమియైనను అడుగరాదు. అడిగినందున ఫలము కలుగునని చిలీ దేశము చూపినది. సాంటియాగో నగరమున ప్రజలు నీటికై మొఱపెట్టగా, 2024లో పర్యావరణ న్యాయస్థానము గూగుల్ వారి అనుమతిని కొంతవఱకు త్రోసిపుచ్చెను. ఆ సంస్థవారు గాలితో చల్లార్చు పద్ధతితో పనిని మొదటినుండి మరల ఆరంభింతుమని ఒప్పుకొనిరి.

ప్రియ విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు మీ పొలము సర్వే నంబరెంతో, పాసుపుస్తకమున ఎవరి పేరున్నదో, మీ బావి వేసవిలో ఎన్నడు అడుగంటునో పెద్దల నడిగి వ్రాసికొనుడు. గ్రామసభ కూడిన నాడు వెనుక వరుసనైనను కూర్చుండి వినుడు. ఏదో యొకనాడు ఎవరో పటమును చేతబట్టుకొని మీ గట్టుమీదికి రావచ్చును. ఆనాడు చదువరాని తండ్రి మీ మొగము వంక చూచును. అప్పుడు మీరు మౌనముగా నుండక, ఆ కాగితమును తీసికొని పైకి చదువవలెను. ఏండ్ల తరబడి ఈ బడిలో నేర్చిన చదువునకు అంతకు మించిన పరీక్ష లేదని మేము తలంచుచున్నాము.