ఇసక చల్లిన ఫొటోలు, ఇరవై మెగాపిక్సెళ్ళ మాయ

కొత్తగా చిన్న డిజిటల్ కెమెరా కొన్న ప్రతివాడూ మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒకటుంది. "బాసూ, ఎండలో బ్రహ్మాండంగా వస్తున్నాయి గానీ, ఇంట్లో తీస్తే మొహం మీద ఇసక చల్లినట్టు వస్తోంది. పీసు డిఫెక్టివ్ అంటావా?"

మా టీంలో వాళ్ళు నన్ను అడిగారు. వాళ్ళకంటే ముందు నేనూ ఇంకొకళ్ళని అడిగాను. జవాబు ఒక్కటే. డిఫెక్టు కెమెరాలో లేదు, మనం కొనే పద్ధతిలో ఉంది. కోపం రావచ్చు. నాకూ వచ్చింది.

ముందు నా కథ చెప్తా. చెల్లి నిశ్చితార్థం ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో. ఫోన్లు వచ్చి చిన్న కెమెరాలని మింగేశాయనుకుంటే, ఈ మధ్య అవే మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి కదా. చెల్లి కూడా "అన్నా, కెమెరా కావాలి" అంది. సరే అని మెట్రో ఎక్కి మూడు స్టేషన్లు దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగా. ఓ షాపులో అతను అట్టపెట్టె చూపించి "ట్వంటీ మెగాపిక్సెల్ సార్" అన్నాడు. ఇంకో ప్రశ్న వెయ్యకుండా కార్డు గీకేశా. రోజూ ఆఫీసులో సర్వర్ కొనాలంటే ర్యామెంత, డిస్కెంత, నెట్‌వర్కెంత అని వారం రోజులు మీటింగులు పెట్టే మనిషిని నేను! కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంకె చాలు అనిపించింది.

హాల్లో రెండొందలకి పైగా ఫొటోలు తీశా. కెమెరా వెనక బుల్లి తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. నాలుగు నెలల తర్వాత మా నాయనమ్మ పోయింది. దండ వెయ్యడానికి ఫొటో కావాలి. ఆవిడ ఫొటో అంటేనే మొహం తిప్పుకునే మనిషి. ఆ రోజు మాత్రం పట్టుచీర కట్టుకుని, కూర్చున్న కుర్చీలోంచే ఎవరినో ఏదో అని నవ్వుతూ ఉంది. ఉన్న మంచి ఫొటో అదొక్కటే. స్టూడియోకి పట్టుకెళ్ళి పన్నెండు బై పద్దెనిమిది చెయ్యమన్నా. ఆయన కంప్యూటర్లో పెద్దగా చేసి చూసి, "గిది పెద్దగ జేస్తే ఇసుక పోసినట్టు అయితది సార్. సాఫ్ జేస్తె ముడతలు పోతయ్. ముడతలు పోతె గామె మీ నాయనమ్మ లెక్క ఉండది" అన్నాడు.

ఆ ఒక్క మాట ముందు అట్టపెట్టె మీది ఇరవై మెగాపిక్సెళ్ళు దేనికీ పనికిరాలేదు.

ఇంతకీ ఆ ఇసక ఎక్కడిది? మనం ఇంజినీరింగులో చదువుకున్నదే, పరీక్ష రాసి మర్చిపోయాం. వెలుతురు వానలాగా చినుకులు చినుకులుగా పడుతుంది. ఒక పిక్సెల్‌లో సగటున పదివేల ఫోటాన్లు పడితే, అటూ ఇటూ వచ్చే తేడా దాని వర్గమూలం, అంటే వంద. ఒక్క శాతం, కంటికి ఆనదు. అదే వంద ఫోటాన్లే పడితే తేడా పది. పది శాతం! పక్కపక్కనున్న పిక్సెళ్ళు ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. ఇసక అంటే ఇదే. కెమెరాలోని ఎలక్ట్రానిక్స్ కూడా దానికి కాస్త జోడిస్తాయి గానీ, అసలు రోగం వెలుతురు చాలకపోవడం.

మరి ఐఎస్ఓ సంగతి? పెళ్ళి పందిట్లో మైకు గుర్తు తెచ్చుకోండి. దూరంగా నిలబడి గొణిగేవాడి గొంతు వినిపించడం లేదని వాల్యూం పెంచితే గొంతుతో పాటు బుస్సుమనే చప్పుడూ పెరుగుతుంది. ఐఎస్ఓ పెంచడం అలా వాల్యూం పెంచడమే. ఐఎస్ఓ 100 దగ్గర వచ్చే ప్రకాశమే 1600 దగ్గర రావాలంటే పదహారో వంతు వెలుతురు చాలు. చాలు అనేది కెమెరా మాట, ఫొటో మాట కాదు. ఆటో మోడ్‌లో ఈ పని మనకి చెప్పకుండా జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు మాయ. చాలా చిన్న కెమెరాల్లో ఉండే సెన్సర్ సైజు 1/2.3 అంగుళాలు. అంగుళంలో సగానికి కాస్త తక్కువ, పర్లేదే అనిపిస్తుంది కదూ? ఆ లెక్కన 11 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్న ఐమూల మాత్రం సుమారు 7.7 మిల్లీమీటర్లు. ఎందుకంటే ఈ కొలత పాతకాలపు టీవీ కెమెరాల్లో ఉండే గాజు గొట్టం బయటి వ్యాసం నుంచి వచ్చింది. గొట్టాలు పోయాయి, ఆ కొలత మాత్రం మిగిలింది. నిజమైన సైజు సుమారు 6.2 బై 4.6 మిల్లీమీటర్లు, విస్తీర్ణం 28 చదరపు మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ఒక అంగుళం రకం సెన్సర్ దీనికి నాలుగింతలు. 36 బై 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ ముప్ఫయి ఇంతలు. ఆ గోరంత జాగాలో రెండు కోట్ల పిక్సెళ్ళు కుక్కితే ఒక్కోటి 1.2 మైక్రాన్ల వెడల్పు వస్తుంది.

మెగాపిక్సెళ్ళు ఎక్కువైతే పాపం అని నేను అనడం లేదు. అదే సెన్సర్‌ని పది ముక్కలు చేసినా ఇరవై ముక్కలు చేసినా దాని మీద పడే వాన అంతే. నా గొడవల్లా, వాన ఎంతో చెప్పకుండా గిన్నెల సంఖ్య మాత్రమే అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే పద్ధతి మీద. కోడు లైన్లు లెక్కపెట్టి ప్రోగ్రామర్‌కి జీతం ఇచ్చే మేనేజర్‌ని చూసి నవ్వుతామే, మనం కెమెరా కొన్న తీరు దానికేం తక్కువ?

కంపెనీలకి ఇది తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. 2006లో ఫ్యూజీ ఫైన్‌పిక్స్ ఎఫ్30 అని ఆరు మెగాపిక్సెళ్ళ కెమెరా తెచ్చింది. చీకట్లో బాగా తీస్తుందని దాన్ని జనం ఏళ్ళ తరబడి వెతుక్కుని మరీ కొన్నారు. కానన్ 2008లో పవర్‌షాట్ జీ10ని 14.7 మెగాపిక్సెళ్ళతో తెచ్చి, మరుసటి ఏడాదే జీ11లో పదికి దించింది. కొత్త మోడల్లో అంకె తగ్గించడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం అరుదు, ఎందుకంటే కొనేవాళ్ళం మనం అలాంటివాళ్ళం.

"ఇంత గోల ఎందుకు, ఫోన్‌తో తీస్తే పోలా" అంటారు. ఒప్పుకుంటా, చీకట్లో మంచి ఫోను ఈ చవక కెమెరాల్ని ఓడిస్తుంది. ఫోన్ సెన్సర్ కూడా చిన్నదే, కానీ అది వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. నాలుగు కలిపితే ఇసక సగం, పదహారు కలిపితే నాలుగో వంతు. అంటే అదీ ఎక్కువ వెలుతురు పోగు చేసుకునే గెలుస్తోంది. సూత్రం మారలేదు.

"ఎడిటింగ్‌లో తీసెయ్యొచ్చు కదా" అనేవాళ్ళకి ఒక్కటే మాట. లాగ్‌లో రాయని ఎర్రర్‌ని తర్వాత కనిపెట్టగలవా? రాని డేటా రాదు. నాయిస్ తీసే సాఫ్టువేరు ఇసకనీ ముడతనీ పూర్తిగా విడదీయలేదు. ఇసకతో పాటు కొంత మొహాన్నీ తీసేస్తుంది, లేదా తన ఊహ కొద్దీ కొత్తగా గీస్తుంది. అమ్మాయిల సెల్ఫీకి అది మేకప్పు. దండ వేసిన ఫొటోకి అది అబద్ధం.

సరే, తిట్టింది చాలు. కొనేశాం కాబట్టి ఏం చెయ్యాలి?

ఆటో మోడ్ వదిలి పి మోడ్‌లోకి వెళ్ళి ఐఎస్ఓ 400 దాటకుండా కట్టెయ్యండి. మనుషులు కదులుతుంటే 800 దాకా వెళ్ళండి, తప్పులేదు. ఇసక పడిన ఫొటోనైనా చూడగలం, చెదిరిపోయిన ఫొటోని ఎవడూ బాగు చెయ్యలేడు.

జూమ్ చెయ్యకండి, నాలుగడుగులు నడవండి. ఎఫ్/3.6 నుంచి ఎఫ్/7 దాకా పోయే లెన్సులో జూమ్ చివరకి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. డిజిటల్ జూమ్‌ని మెనూలోకి వెళ్ళి శాశ్వతంగా ఆపెయ్యండి.

గ్రూపు ఫొటో అయితే కెమెరాని బల్ల మీదో గోడ మీదో పెట్టి, రెండు సెకన్ల టైమరు పెట్టి, అందరినీ ఒక్క క్షణం కదలొద్దనండి. పగలైతే పెద్దవాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రాత్రయితే మొహం ట్యూబులైటు వైపు ఉండాలి, వీపు కాదు. ఫ్లాష్ వాడితే రెండు మూడు మీటర్ల లోపు వాడండి, వేదిక మీదున్న పెళ్ళికూతురి దాకా అది చేరదు. ఫొటోని నల్లగా తీసి తర్వాత వెలుగు పెంచకండి, దాక్కున్న ఇసకంతా అప్పుడే బయటికొస్తుంది.

ఆల్బంలో పెట్టే నాలుగు బై ఆరు ప్రింటుకి రెండు మెగాపిక్సెళ్ళు చాలు. ఇరవైని ఐదుకి కుదిస్తే నాలుగేసి పిక్సెళ్ళు కలిసి ఇసక సగమవుతుంది. చిన్న సైజులో బాగున్న ఫొటో పెద్ద సైజులో ఎందుకు పాడైందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇవన్నీ నాకు నిశ్చితార్థం ముందు రోజు తెలిసి ఉంటే అరగంట పని. నాయనమ్మని లేపి, రెండడుగులు కిటికీ వైపు జరిపి ఉంటే సరిపోయేది. నేను దూరం నుంచి జూమ్ చేసి నొక్కా. బద్ధకం నాది, నింద కెమెరాకి.

ఆఖరికి స్టూడియో ఆయనతో సాఫ్ చెయ్యొద్దన్నా. సైజు ఆరు బై ఎనిమిదికి తగ్గించి ఉన్నదున్నట్టు ప్రింటు తీయించా. దగ్గరికెళ్తే ఇసక ఇంకా కనిపిస్తుంది, ముడతలూ కనిపిస్తాయి. మొన్న ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన చూసి "ఇంకొంచెం పెద్దది పెట్టాల్సింది" అన్నాడు. ఏం చెప్పను? అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది. ఇరవై మెగాపిక్సెళ్ళు అని రాసి ఉంటుంది దాని మీద.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఓసారి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. కెమెరా ఏదైనా పర్లేదు.