జోహ్రా సెహగల్ స్మృతికి నాటక సమాజ సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానం

1912 ఏప్రిల్ 27న సహారన్‌పూర్‌లో పుట్టి, 2014 జూలై 10న ఢిల్లీలో నూటరెండేళ్ల వయసులో కన్నుమూసిన రంగస్థల, టెలివిజన్ నటి జోహ్రా సెహగల్‌కు ఈ సమావేశం నివాళి అర్పిస్తున్నది. ఆమె హిందుస్తానీ, ఇంగ్లిషు నాటకరంగాల మనిషి. తెలుగు నాటక సమాజం ఆమె కోసం ప్రత్యేకంగా తీర్మానం చేయడమెందుకని సభ్యులెవరైనా అడగవచ్చు. నటికి వయసు మీదపడ్డాక వేదిక మీద ఆమె చోటు ఏది అన్న ప్రశ్నకు ఆమె బతుకే జవాబు గనుక, ఆ జవాబు మనకిప్పుడు అవసరం గనుక చేస్తున్నాం.

రాంపూర్ రోహిల్లా పఠాన్ల వంశంలో, పరదా పాటించే ఇంట పుట్టిన ఆమెకు పసితనంలోనే గ్లకోమా వల్ల ఎడమ కంటి చూపు పోయింది. లాహోర్‌లో క్వీన్ మేరీ కాలేజీ చదువు ముగించి, మేనమామతో కలిసి కారులో ఐరోపాకు ప్రయాణమయ్యారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్‌మన్ పాఠశాలలో మూడేళ్లు ఆధునిక నృత్యం నేర్చుకున్నారు. 1935లో నర్తకుడు ఉదయశంకర్ బృందంలో చేరి జపాను మొదలు అమెరికా దాకా ఆడారు. ఆ తర్వాత అల్మోరాలోని ఆయన కళాకేంద్రంలో పాఠాలు చెప్పారు. తనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, హిందువు అయిన కామేశ్వర్ సెహగల్‌ను 1942లో పెళ్లాడారు. ఆనాటికి అదెంత సాహసమో విడిగా చెప్పనక్కరలేదు.

1945లో పృథ్వీరాజ్ కపూర్ నడిపే పృథ్వీ థియేటర్స్‌లో నెలకు నాలుగు వందల రూపాయల జీతానికి ఆమె చేరారు. నాయిక వేషాలు చెల్లెలు ఉజ్రాకు వెళ్లేవి, అక్కకు పక్క వేషాలు. దేశదేశాలు చూసి వచ్చిన నర్తకి అలాంటి వేషాలు కట్టి, బృందానికి నృత్యాలు కూర్చి, ఊరూరా తిరిగి పద్నాలుగేళ్లు అక్కడే పనిచేశారు. దేశ విభజన ఆలోచనను ఎదిరించిన ‘దీవార్’ లాంటి నాటకాలు ఆ బృందానివి. ప్రదర్శన ముగిశాక పృథ్వీరాజ్ గుమ్మం దగ్గర జోలె పట్టుకుని నిలబడి సహాయ నిధులకు చందాలు అడిగేవారు. వేషం చిన్నదా పెద్దదా అని చూడని ఆ క్రమశిక్షణను ఈ సమావేశం ప్రత్యేకంగా గుర్తు చేసుకుంటున్నది. ‘ధర్తీ కే లాల్’, ‘నీచా నగర్’ చిత్రాల్లో ఆమె నటన, ‘బాజీ’ వంటి చిత్రాలకు చేసిన నృత్య దర్శకత్వం కూడా ఈ కాలంలోవే.

1959లో భర్త పోయారు. ఇద్దరు పిల్లలు. 1962లో, యాభై ఏళ్ల వయసులో, నాటకాలకు ఇచ్చే స్కాలర్‌షిప్ మీద ఆమె లండన్ వెళ్లారు. ఇక్కడ పేరున్న నటి అక్కడ నాటకశాలలో ఇతర నటుల దుస్తులు చూసుకునే పని చేశారు. 1965లో ‘డాక్టర్ హూ’ లాంటి బీబీసీ ధారావాహికల్లో చిన్న పాత్రలు దొరికాయి. 1976-77లో ‘పడోసీ’ అనే ఇరవయ్యారు భాగాల బీబీసీ ధారావాహికలో ప్రేక్షకుల ముందుకు మళ్లీ వచ్చారు. 1984లో గ్రనాడా టెలివిజన్ తీసిన ‘ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్’లో లేడీ ఛటర్జీ పాత్రతో ఇంగ్లండు ఇంటింటికీ తెలిశారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ వెంటనే ‘తందూరీ నైట్స్’ ధారావాహిక. మరో నటి అయితే ఇంటికి పరిమితమయ్యే వయసులో ఆమెకు పెద్ద పాత్రలు వచ్చాయి. వాటిని నిలబెట్టే శక్తి మాత్రం పృథ్వీ థియేటర్స్ రోజుల్లో కట్టిన పక్క వేషాల నుంచే వచ్చిందని ఈ సమావేశం నమ్ముతున్నది.

పాకిస్తాన్‌లో స్థిరపడిన ఉజ్రాతో దశాబ్దాల ఎడబాటు తర్వాత 1993లో లాహోర్‌లో ‘ఏక్ థీ నానీ’ నాటకంలో ఒకే వేదిక ఎక్కారు. సరిహద్దు వేరు చేసిన అక్కచెల్లెళ్లను నాటకం కలిపిందంటే, మన వృత్తికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది? తొంభై అయిదేళ్ల వయసులో ‘చీనీ కమ్’ చిత్రంలో అమితాబ్ బచ్చన్‌కు తల్లిగా నటించారు. 1998లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్, 2010లో పద్మవిభూషణ్, మధ్యలో 2004లో సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ వచ్చాయి.

ఇక మన సంగతికి వస్తే, తెలుగునాట స్త్రీ వేషాన్ని స్థానం నరసింహారావు వంటి పురుషులు శిఖరాలకు చేర్చారు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన కుటుంబ సమాజాల స్త్రీలు మాత్రం తమ వేషాలు తామే కట్టి తరాలు నిలబెట్టారు. అంతటి వారసత్వం ఉండి కూడా నేటి పరిషత్తు నాటికల్లో అరవై దాటిన స్త్రీకి మంచాన పడిన అత్త, కన్నీరు పెట్టే తల్లి తప్ప వేషం రాయడం లేదు. టీవీ సీరియళ్లలోనూ అదే తీరు. ఇది మారాలి.

కాబట్టి ఈ సమాజం ఏటా ఆమె పుట్టినరోజైన ఏప్రిల్ 27న అరవై ఏళ్లు దాటిన నటి ప్రధాన పాత్రగా ఉన్న నాటికను ప్రదర్శించాలని, అందుకు కొత్త రచనలను రచయితల నుంచి ఆహ్వానించి పారితోషికం చెల్లించాలని తీర్మానించడమైనది. బయటి ఊళ్ల నుంచి వచ్చే నటీమణులకు ఒప్పుకున్న సొమ్ము, ప్రయాణ ఖర్చులు ప్రదర్శన జరిగిన రాత్రే చేతికివ్వాలని, గ్రీన్‌రూంలో వారికి వేరే గది చూపాలని కూడా నిర్ణయించడమైనది. విశ్రాంత నటీమణులను రిహార్సళ్లకు గురువులుగా పిలిచి, వారికి గౌరవ వేతనం ఇచ్చే బాధ్యత కార్యవర్గానిది.

ఈ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నాటక పోటీలు నిర్వహించే పరిషత్తులకు, తెలుగు టెలివిజన్ సంస్థలకు దీని ప్రతులు పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశించడమైనది.